ఇటుకల పండగ నాడు నా గుండెపోటు

ముందే చెప్పేస్తున్నాను, కంగారు పడకండి, బతికే ఉన్నాను. గుండె కూడా భేషుగ్గా ఉంది. ఈసీజీ కాగితం జేబులో పెట్టుకుని తిరుగుతున్నా, నమ్మకపోతే చూడండి. పోయిందల్లా పరువు. అది కూడా నాలుగ్గోడల మధ్య పోయుంటే సర్దుకునేవాణ్ణి. నడిరోడ్డు మీద, డప్పుల మోతతో పోయింది!

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. మాది అనకాపల్లి వైపు. జి.మాడుగుల వచ్చి కిరాణా కొట్టు పెట్టి ఇరవై రెండేళ్ళు. కొట్టు మీద పెద్ద బోర్డు ఉంటుంది: 'ఇక్కడ కాఫీ గింజలు కొనబడును' అని. సీజన్లో గింజల బస్తాలు ఇంటి దూలాన్ని తాకుతాయి. పడుకున్నా అదే వాసన, లేచినా అదే వాసన. అందుకేనేమో, ఇంట్లో ఎవరం కాఫీ తాగం. మా ఆవిడ సత్యవతి పెట్టే అల్లం టీయే. ఇరవై రెండేళ్ళలో ఒక్క గుక్క కాఫీ నా గొంతులోకి దిగలేదంటే నమ్ముతారా? ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకోండి. మా నాన్న యాభై రెండేళ్ళు నిండగానే పోయారు. కొట్లో కూర్చుని కందిపప్పు తూస్తూ, ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతూ, అలాగే పక్కకి ఒరిగిపోయారు. గుండె. ఇప్పుడు నాకు యాభై ఒకటి దాటి ఎనిమిది నెలలు. పైకి చెప్పను గానీ, లోపల భయం ఉంది. చాలా ఉంది. కొట్టు పద్దులు రాసే సత్యవతికే కందిపప్పు తూసే పని కూడా అప్పజెప్పేశానంటే అర్థం చేసుకోండి.

ఆ భయంతోనే ఏడాదిగా ఆరోగ్యం మీద పడ్డాను. చేతికి స్మార్ట్ వాచీ కట్టాను. అది అడుగులు లెక్కపెడుతుంది, నిద్ర లెక్కపెడుతుంది, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెప్తుంది. ఫోన్లో ఒక వెల్‌నెస్ గ్రూపులో చేరాను. హైదరాబాద్ నుంచి కోచ్ మేడమ్ రోజూ సలహాలు పెడతారు. ఇది కాక మా నాయనమ్మ నేర్పిన కషాయాలు ఉండనే ఉన్నాయి. జీలకర్ర నీళ్ళు, వెనిగర్ నీళ్ళు, నూనె పుక్కిలించడం, ఉత్త కాళ్ళతో గడ్డి మీద నడవడం... ఎవరు ఏ పద్ధతి చెప్పినా నేను కాదనను. అన్ని పద్ధతులకీ ఒక్కటే కడుపు!

సత్యవతి ఒకసారి అడిగింది. "ఇన్ని చేస్తున్నారు కదా, ఇందులో దేనివల్ల బాగున్నారో ఎలా తెలుస్తుంది?"

"అన్నిటివల్లా" అన్నాను.

సరే, అసలు సంగతి. మొన్న ఇటుకల పండగ రోజులు. మా ఏజెన్సీలో చైత్రంలో వస్తుంది. మగవాళ్ళు అడవికి వేటకి పోతారు, ఆడవాళ్ళు ఊళ్ళేలతారు. రోడ్డుకి అడ్డంగా వెదురు బొంగు కట్టి గేటు పెడతారు. వచ్చే పోయే ప్రతి బండినీ ఆపుతారు. పండగ మామూలు ఇచ్చావా, బొంగు లేస్తుంది. ఇవ్వలేదా, బండి దిగి వాళ్ళతో ధింసా ఆడాల్సిందే. ఎమ్మార్వో అయినా ఒకటే, ఎరువుల లారీ డ్రైవర్ అయినా ఒకటే.

ఆ రోజు పొద్దున్నే కోచ్ మేడమ్ మెసేజ్. 'పదహారు గంటల ఉపవాసంలో ఉన్నవారు ఉదయం ఖాళీ కడుపుతో, పంచదార లేకుండా, ఒక కప్పు అరకు బ్లాక్ కాఫీ తాగి వాకింగ్ చేయండి. కొవ్వు కరుగుతుంది. గుండెకు మంచిది.'

గుండెకు మంచిది! అరకు కాఫీ! నేను గోడౌన్ వైపు చూశాను. హైదరాబాద్‌లో జనం చిన్న చిన్న ప్యాకెట్లు కొనుక్కుని తాగుతున్నారు. నేనేమో బస్తాల మీద కాళ్ళు పెట్టుకుని పడుకుంటున్నాను. ఇరవై రెండేళ్ళు ఎంత పొరపాటు చేశానురా అనుకున్నాను.

పొట్టు తీసిన గింజలు రెండు గుప్పిళ్ళు తెచ్చాను. బస్తాలు ఎత్తే చెయ్యి కదా, గుప్పెడు కాస్త పెద్దదే. మూకుట్లో వేసి నల్లగా వేయించాను. రోట్లో దంచాను. ఇక కాచడం. కాఫీ ఎలా కాస్తారో నాకేం తెలుసు? తెలిసింది ఒక్క కషాయమే. నాయనమ్మ లెక్క ఒకటుంది: ఎనిమిది గ్లాసులు నీళ్ళు పోస్తే ఒక గ్లాసు మిగిలేదాకా మరగాలి, అప్పుడే మందు సారం దిగుతుంది. నేను పదహారు గ్లాసులు పోశాను. గంటన్నర మరిగించాను. రెండు గ్లాసులు మిగిలాయి.

సత్యవతి వంటగదిలోకి తొంగి చూసింది. "ఏంటండీ అది, తారు కాస్తున్నారా?"

"కాఫీ. గుండెకు మంచిది."

"కాఫీ అంత సేపు కాస్తారా?"

"నాకు తెలుసులే. కాఫీ వ్యాపారం నువ్వు చేస్తున్నావా, నేను చేస్తున్నానా?"

ఒక గ్లాసు అక్కడికక్కడే తాగేశాను. అబ్బ, ఏం చేదు! వేపచిగురు దీని ముందు లడ్డూ. అంత చేదుగా ఉందంటే తప్పకుండా మంచిదే అయ్యుంటుందని నమ్మకం కుదిరింది. రెండో గ్లాసు ఫ్లాస్కులో పోసుకుని, బూట్లు కట్టుకుని, టోపీ పెట్టుకుని, ట్రాక్ ప్యాంటుతో వాకింగ్‌కి బయల్దేరాను. జేబులో పైసా లేదు, ఫోనుంది.

ఊరు దాటి రెండు మైళ్ళు నడిచానో లేదో చేతులు వణకడం మొదలెట్టాయి. ఒళ్ళంతా చెమట. గుండె దడదడ. వాచీ గుర్రుమంది. చూస్తే ఎర్రగా ఒక గుండె బొమ్మ, పక్కన నూట ముప్ఫై ఎనిమిది!

రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డాను. నాన్న గుర్తొచ్చారు. ఆ ఒరిగిపోవడం గుర్తొచ్చింది. ఇంకా నాలుగు నెలలుంది కదా అనుకున్నాను. చూడండి, ఎంత పిచ్చో! అదేదో ఆయన నాకు రాసిచ్చిన గడువైనట్టు. సత్యవతికి ఫోన్ చేద్దామంటే ఆ మలుపులో సిగ్నల్ లేదు.

అప్పుడే బోంజుబాబు ఆటో వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, మా కొట్టు సరుకు తోలుతాడు. నన్ను చూసి బ్రేకేశాడు.

"ఏటి బాబూ, అలగ కూకున్నావు? ఊర్లోకి తిప్పీనా? డాట్రమ్మ ఉంటాది."

మా ఊరి ఆస్పత్రి సరిగ్గా మా కొట్టుకి ఎదురుగుండా ఉంటుంది. అక్కడికి వెళ్తే బజారంతా చూస్తుంది. రోజూ జనానికి ఆరోగ్య సూత్రాలు చెప్పే నేను, గుండె పట్టుకుని అందరి ముందూ దిగడమా? "వద్దు. పాడేరు రోడ్డే పట్టు, పెద్దాసుపత్రికి పోదాం. ఎవరికీ తెలియకూడదు" అన్నాను.

బుద్ధి ఎంత బాగా పనిచేసిందో చూశారా? ఎవరికీ తెలియకుండా వెళ్ళడానికి, పండగ రోజున, గేట్లున్న రోడ్డు ఎంచుకున్నాను.

మొదటి ఊరు. బొంగు అడ్డం. పాతికమంది ఆడవాళ్ళు, తలలో పూలు, వెనకాల ఇద్దరు ముసలాళ్ళు డప్పూ తుడుమూ పట్టుకుని. మామూలు ఫోన్లోనే పంపుదామని తీశాను. సిగ్నల్ లేదు. బోంజుబాబు జేబు వెతికాడు. పొద్దున్న వచ్చేటప్పుడే నాలుగు గేట్లు దాటొచ్చాడు, ఖాళీ.

"అమ్మా, ఆస్పత్రికి పోవాలి, గుండె నొప్పి" అన్నాను.

ఒకావిడ నన్ను కిందనుంచి మీదికి చూసింది. బూట్లు, టోపీ, ఫ్లాస్కు.

"గుండె నొప్పోడు టోపీ ఎట్టుకుని ఎల్తాడేటే?"

ఇంకొకావిడ గుర్తుపట్టేసింది. "ఓలమ్మో, సావుకారి! నిరుడు మామ సచ్చిపోనాడని సెప్పి ఎల్లిపోనాడు కాదేటి? మర్సటి వారమే ఆ మామ సంతలో బెల్లం కొన్నాడు!"

నిజమే. నిరుడు నేను ఆ అబద్ధం ఆడాను. మా మామగారు నిక్షేపంగా ఉన్నారు, వచ్చి బెల్లం కూడా కొన్నారు. బుద్ధిగా ఆటో దిగాను.

ధింసా చూసేవాళ్ళకి తేలిక. వరసలో ఒకరి నడుము వెనక ఒకరు చెయ్యి వేసి, మూడడుగులు ముందుకి, వంగి, మళ్ళీ వెనక్కి. డప్పు వేగం పెంచితే కాళ్ళూ వేగం పెంచాలి. నన్ను వరస చివర కట్టేశారు. వంగినప్పుడల్లా నాన్న, లేచినప్పుడల్లా సత్యవతి కనిపించారు. వాచీ ఒకటే గుర్రు. నూట యాభై రెండు! అటు చూస్తే ఆడవాళ్ళందరూ నవ్వుతున్నారు, నేనేమో మనసులో వీలునామా రాసుకుంటున్నాను.

ఆట ఆగగానే రోడ్డు మీదే కూర్చుండిపోయాను. శక్తి కోసం ఫ్లాస్కు తీసి నాలుగు గుక్కలు తాగాను. గుండెకు మంచిది కదా!

అప్పుడొచ్చింది సోంబరమ్మ. ఆ ఊళ్ళో వేళ్ళూ ఆకులూ ఇచ్చే ముసలామె. చుట్టుపక్కల ఊళ్ళకి అవ్వ. నా ఎదురుగా గొంతుక్కూర్చుని, చెయ్యి పట్టుకుని చూసి, అరచెయ్యి నా గుండె మీద పెట్టింది. ఒక్కటే అడిగింది.

"పొద్దుట ఏటి తిన్నావు?"

చూడండి, మనిషి పోతుంటే తిండి గురించా? నేను వాచీ వైపే చూసుకున్నాను. ఆమె ఎండిన ఆనపకాయ బుర్రలోంచి చోడి అంబలి, అదే రాగి జావ, వంచి చేతికిచ్చింది. "తాగు."

"వద్దవ్వా, పన్నెండు దాకా ఉపవాసం" అన్నాను.

సోంబరమ్మ నా వైపు ఎలా చూసిందంటే, ఆ చూపు ఇప్పటికీ గుర్తొస్తే తల దించుకుంటాను. తర్వాత ఆడవాళ్ళ వైపు తిరిగి అరిచింది. "గుంటల్లారా, బొంగెత్తండి! ఈసారి నిజమే సెప్తన్నాడు. ఇది నా మందుకి లొంగీది కాదు. బేగి ఆస్పత్రికి అంపండి."

అంతే. అంతసేపూ ఏడిపించినవాళ్ళే గబగబా వచ్చి నన్ను లేవదీసి ఆటోలో కూర్చోబెట్టారు. ఒకామె తన తువ్వాలుతో నా చెమట తుడిచింది. ఆ క్షణంలో నిజంగా కళ్ళనీళ్ళొచ్చాయి.

రెండో గేటు దగ్గర నేను తెలివి మీరాను. వాదించి టైము పోగొట్టడం ఎందుకని, ఆటో ఆగీ ఆగకముందే దిగి, నా అంతట నేనే ధింసా మొదలెట్టేశాను! డప్పు కూడా ఇంకా కొట్టలేదు. ఆడవాళ్ళు నిర్ఘాంతపోయారు.

వాళ్ళలోంచి ఒకామె బొంగు వదిలేసి పరుగున వచ్చింది. పండగ చీర, తలలో పూలు, ఉత్త కాళ్ళు. "సావుకారి బాబూ, ఆగు! ఏటి ఆ వణుకు?"

చిలకమ్మ! ఆ వైపు ఊళ్ళన్నిటికీ ఏఎన్ఎం. ఆ అమ్మాయి గురించి కాస్త చెప్పాలి. వానాకాలంలో టీకాల డబ్బా నెత్తిన పెట్టుకుని పొంగే గెడ్డ దాటుతుంది. ట్యాబులో వివరాలు ఎక్కించడానికి సిగ్నల్ కోసం కొండెక్కుతుంది. ఆమె వచ్చిన కొత్తలో సోంబరమ్మ మొహం కూడా చూసేది కాదట. చిలకమ్మ పోట్లాడలేదు. వెళ్ళి ఆమె అరుగు మీద కూర్చునేది, ఆ ఆకు ఏంటవ్వా, ఈ వేరు ఏంటవ్వా అని అడిగేది. ఇప్పుడు జ్వరమని ఎవరొచ్చినా సోంబరమ్మే అంటుంది, 'ముందల చిలకకి నెత్తురు సూపించుకో, మలేరియా కాదంటే నా దగ్గరకు రా' అని. ఇద్దరూ కలిసి ఎన్ని ప్రాణాలు నిలబెట్టారో నాకు తెలుసు. నాకు తెలియనివి ఇంకెన్నో.

ఆ చిలకమ్మ నన్ను రోడ్డు పక్కన కూర్చోబెట్టింది. రెండు వేళ్ళు నా మణికట్టు మీద పెట్టింది. "ఈ వాచీలో సెకన్లు కనపడతాయేటి?" అంది. కనపడతాయి. దాన్ని చూస్తూ నాడి లెక్కపెట్టింది. ఏడాదిలో నా వాచీ ఒకరికి పనికిరావడం అదే మొదలు!

"జోరుగుంది గానీ వరస తప్పనేదు" అంది. నొప్పి ఎక్కడ, చేతిలోకి లాగుతోందా, ఊపిరి ఆడుతోందా, ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగింది. నాన్న సంగతి చెప్పాను. ఆమె నా చెయ్యి వదల్లేదు.

తర్వాత అదే ప్రశ్న. "పొద్దుట ఏటి తిన్నారు?"

"ఏమీ లేదు. కాఫీ" అని ఫ్లాస్కు చూపించాను.

మూత తీసి వాసన చూసింది. తల వెనక్కి తీసుకుంది. ఫ్లాస్కు వంచితే అది వెంటనే కిందకి రాలేదు, కాస్త ఆలోచించి వచ్చింది.

"ఇది కాఫీ యేటి బాబూ? ఎలగ కాసినారు?"

చెప్పాను. పదహారుకి రెండు, నాయనమ్మ లెక్క. చిలకమ్మ పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోవడానికని ఇప్పుడు తెలుసు, అప్పుడు నా బతుకు ఆశ లేదు కాబోలు అనుకున్నాను.

"కాఫీ పనే లాగుంది. అయినా మీ నాన్నగారికి అలగ జరిగింది కదా, ఈసీజీ తీయించాల్సిందే. నానూ వత్తాను" అని ఫ్లాస్కు లాక్కుని, పండగ వదిలేసి, పూలతోనే ఆటో ఎక్కింది. మూడో గేటు అల్లంత దూరాన ఉండగానే తల బయట పెట్టి ఒక కేక వేసింది. బొంగు లేచిపోయింది. దారిలో మూడు మంచినీళ్ళ సీసాలు తాగించింది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసే. ఈసీజీ తీసింది. కాగితం చేత్తో పట్టుకుని చూసింది. ఆ చూసినంత సేపూ నేను ఊపిరి తీయలేదు.

"నార్మల్. మీ గుండెకి ఏమీ కాలేదు" అంది.

ఏడ్చేశానండీ. యాభై ఒకటి దాటినవాణ్ణి, బల్ల మీద కూర్చుని, ఒంటికి వైర్లతో, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను. చిలకమ్మ భుజం తట్టింది.

డాక్టరమ్మ వైర్లు తీస్తూ, "పొద్దున ఏం తిన్నారు?" అంది.

చూశారా! ఆనపకాయ బుర్ర పట్టుకున్న అవ్వ అడిగింది అదే, ఏఎన్ఎం అడిగింది అదే, పెద్ద చదువు చదివిన డాక్టరూ అదే. ముగ్గురివి మూడు దారులు, మొదటి ప్రశ్న ఒకటే. నా గుండెని, నిద్రని, అడుగుల్ని అన్నీ లెక్కపెట్టిన వాచీ ఒక్కనాడైనా 'తిన్నావా' అని అడిగిందా?

చిలకమ్మ ఫ్లాస్కు అందించింది. డాక్టరమ్మ ఒక చుక్క దూది మీద వేసి చూసింది. "దీంతో మీ ఊరి రోడ్డు బాగుచేయించవచ్చు" అంది. చీటీ రాసిచ్చింది. 'ఉదయం టిఫిన్. రోజుకొకసారి. జీవితాంతం.' కింద ఇంకో లైను: 'ఏడాదికోసారి గుండె పరీక్ష. కషాయాలు వద్దు.' నాన్న సంగతి విని, ఆ పరీక్షలు ఎందుకో, ఏమేం చూస్తారో ఓపిగ్గా కూర్చుని వివరించింది. ఏడాదిగా గ్రూపులో చదివిన వెయ్యి మెసేజీలకంటే ఆ పది నిమిషాలే నాకు ధైర్యం ఇచ్చాయి.

తిరుగు ప్రయాణంలో సోంబరమ్మ ఊళ్ళో నేనే ఆటో ఆపించాను. అవ్వ ముందు కూర్చుని, బుర్రెడు అంబలి తాగాను. ఆమె రెండోసారి పోసింది. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే వరసలో నిలబడి ధింసా ఆడాను. ఈసారి సంతోషంతో. వాచీ మళ్ళీ గుర్రుమంది: 'అభినందనలు! ఈ రోజు మీ వ్యాయామ లక్ష్యం పూర్తయింది!'

ఇంటికి వచ్చేసరికి సంగతి నాకంటే ముందే వచ్చేసింది. బస్సులో వెళ్తున్న ఎవరో నా ఆట వీడియో తీశారు. అది బజారుకి చేరింది, అక్కణ్ణుంచి మా వెల్‌నెస్ గ్రూపుకి చేరింది. కోచ్ మేడమ్ కామెంటు కూడా పెట్టారు: 'సూపర్ సార్! ఇది ఏ వర్కవుట్? అందరికీ నేర్పండి!'

సత్యవతి ఈసీజీ కాగితం తీసుకుని, అర్థం కాకపోయినా ఆ గీతల్ని చివరిదాకా చూసింది. దేవుడి పటం వెనక పెట్టబోతే నేనే తీసుకుని జేబులో పెట్టుకున్నాను. ఉప్మా పెట్టింది. నేను తింటున్నంత సేపూ ఎదురుగా కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

పోనీలే, క్షమించేసింది అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే, టిఫిన్ తినే, కొట్టు తెరిచాను. సంతకి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ బోర్డు చూడ్డం, నన్ను చూడ్డం, నవ్వుకోవడం. ఏమిటా అని బయటికొచ్చి తలెత్తి చూశాను. 'ఇక్కడ కాఫీ గింజలు కొనబడును' అన్న అక్షరాల కింద సుద్దముక్కతో ఇంకో లైను ఉంది.

'కాచబడవు.'

ఇరవై రెండేళ్ళుగా మా కొట్టు పద్దులు రాసే చెయ్యి. ఆ దస్తూరీ నేను గుర్తుపట్టనా!